ఎనిమిదో కూజా

"ఆ కూజాలు ముట్టుకోవద్దండీ" అంది ప్రేమ, హోటలు వంటగది గడపలో నిలబడి.

అటక మీదికి లేచిన సోమశేఖర్ చెయ్యి గాల్లోనే ఆగింది. బెంగళూరు నుంచి దిగిన పెద్ద డిటెక్టివ్ ఆయన. నలగని చొక్కా, మెరిసే బూట్లు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ నెత్తి మీదుగా చూసే అలవాటు. ఆండర్సన్‌పేటలో ఒక టీ హోటలు వంటింట్లో తనకు అడ్డు చెప్పే మనిషి ఉంటుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

"మేడం, ఈ కేసు అయిపోయింది. పన్నెండింటికి ఈ అమ్మాయి పోలీసు స్టేషన్‌కు వెళ్ళి, మా నాన్న తన ఇష్టంతోనే వెళ్ళిపోయాడని ఒక్క మాట చెప్తే వెతకడం ఆపేస్తారు. ఇంక మీకు ఇక్కడ పనేముంది?"

"ఆ ఒక్క మాట చెప్పనంటా ఉండాది ఆ పిల్ల. అదే నా పని."

గడప బయట, ప్రేమ వెనకాల నిలబడ్డ ఆ పిల్ల పేరు అర్పిత. కోలారు పక్కన తమక అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఉండేదీ అక్కడే. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి చెన్నరాయప్ప ఒకప్పుడు కోలారు బంగారు గనిలో భూమి అడుగున పనిచేసినవాడు. గని మూతపడ్డాక ఈ హోటలు పెట్టుకుని, వెనక ఇంట్లో తమ్ముడి సంసారంతో కలిసి ఉంటున్నాడు. పోయిన వారం సోమవారం నుంచి ఆయన కనబడలేదు. బుధవారం ఆయన ఫోను నుంచి కూతురికి ఒక మెసేజి వచ్చింది: 'నేను బాగుండాను. మనసు బాగలేదు. నన్ను వెతకొద్దు.' ఆ తర్వాత ఫోను మూగబోయింది.

తమ్ముడు మునిశంకర్ అన్న కోసం ఎంతదూరమైనా పోతానని వీధి వీధంతా వినేలా చెప్పి, ఈ సోమశేఖర్‌ను పిలిపించాడు. తిరుపతి బస్సెక్కిన ముసలాయన ఎవరినో చూశామని ఎవరో అంటే, సోమశేఖర్ దాన్నే పట్టుకుని మనిషికి విరక్తి పుట్టిందని తేల్చేశాడు. అర్పిత మాత్రం నిన్న సాయంత్రం రాబర్ట్‌సన్‌పేటలో ప్రేమ ఆఫీసు మెట్లెక్కి వచ్చి, "మా నాయనకు ఫోన్లో అక్షరాలు కొట్టేదే రాదక్కా. ఈ సంగతి ఆ బెంగళూరాయనకు చెప్తే, ఎవరిచేతనో కొట్టించి ఉంటాడులే అన్నాడు" అంది. ఏడవలేదు. కళ్ళు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

ప్రేమకు అది నచ్చింది. కానిస్టేబులు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. వాళ్ళ నాన్నా గని మనిషే. చెన్నరాయప్ప టీ పడకపోతే ఆమెకు పొద్దు కదిలేది కాదు. ఆ టీ పోసే కూజాలే ఇప్పుడు ఆమె కళ్ళముందు ఉన్నాయి.

అవి ఎర్రమట్టి కూజాలు. పైన మెరుగు పూత ఏమీ లేనివి, చేతికి గరుగ్గా తగిలేవి. పొయ్యిల పైన గోడకు కొట్టిన చెక్క అటక మీద వరసగా ఉంటాయి. కింద పొద్దంతా బజ్జీల నూనె మరుగుతూనే ఉంటుంది, వీధిలో లారీలు పోతూనే ఉంటాయి. ఆ నూనె పొగా ఈ దుమ్మూ కలిసి కూజాల మీద ఒక నల్లని జిడ్డు తోలు కట్టి ఉండేది. చెన్నరాయప్ప చేతికి తగిలే పిడీ, టీ జారే కొమ్మూ శుభ్రంగా ఉంచుకునేవాడు గానీ వెనక వైపు జిడ్డును పెద్దగా పట్టించుకునేవాడు కాదు.

ఇప్పుడు ఆ జిడ్డు లేదు. వెనకా లేదు, ముందూ లేదు. కుమ్మరి ఇంటి నుంచి ఇవ్వాళే వచ్చినట్టు ఎర్రగా మెరిసిపోతున్నాయి. అటక చెక్క మాత్రం ఎప్పటిలాగే జిడ్డోడుతోంది. ఆ జిడ్డులో కూజాలు కూర్చునే చోట్ల గుండ్రంగా ఎనిమిది తేట మచ్చలు. కూజాలు ఏడే.

"వీటిని ఎవురు కడిగినారు?" అని అడిగింది ప్రేమ.

తాళం చేతిలో పట్టుకుని గోడవార నిలబడ్డ మునిశంకర్ తల ఎత్తి అటక వైపు చూశాడు. ఆ చూపులోనే ప్రేమకు ఒక సంగతి తెలిసిపోయింది. కూజాలు శుభ్రంగా ఉన్నాయని అతను ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. అతని కళ్ళు వెనక గుమ్మం దగ్గర కొంగు బిగించుకుని నిలబడ్డ భార్య చిన్నక్క మీదికి పోయి, అంతలోనే తిరిగి వచ్చాయి.

"మా అన్నే కడిగినాడమ్మా. పొయ్యే ముందు దినం, ఆదివారం, అన్నీ దించి కడిగి పెట్టినాడు."

సోమశేఖర్ ముఖం వెలిగింది. "చూశారా? ఇల్లు వదిలిపోవాలనుకున్న మనిషి అన్నీ సర్దిపెట్టి పోతాడు. నా రిపోర్టుకు ఇంకొక ఆధారం దొరికింది."

"దొరికింది సరే, ఎనిమిదోది యాడ?"

"అది అన్న సొంత కూజా" అన్నాడు మునిశంకర్. "దాంట్లోనే తాగేవాడు. ఎంబడి తీసుకపొయినాడు."

"తిరుపతికి కూజా మోసుకుపోయినాడా?"

"ప్రాణంగా చూసుకున్న వస్తువు మేడం" అన్నాడు సోమశేఖర్. "ఇందులో వింతేముంది?"

ప్రేమ పైట చెంగు చేతికి చుట్టుకుని ఒక కూజాను దించింది. మూత తీసి లోపలికి చూసింది. వాసన చూసింది. వేలి కణుపుతో పొట్ట మీద తట్టింది. కంగుమని మోగింది.

"ఏమేసి కడిగినాడు మునిశంకరన్నా?"

"ఏమేస్తారమ్మా? వేడినీళ్ళు, సబ్బు పొడి. పీచుతో బాగా రుద్దినాడు. నేను కండ్లారా చూసినా."

"కండ్లారా?"

"పక్కనే నిలబడి చూసినా."

"ఈ వంటగది తాళం ఎవురి దగ్గర ఉండాది ఇన్నాళ్ళూ?"

"నా దగ్గరే. సోమవారం మూసిన తలుపు, మీకోసమని ఇప్పుడు తెరిచినా. తాళం చెవి ఇంట్లో మేకుకు తగిలించి ఉంటాది."

"ఆ సోమవారం మీరు యాడ ఉండారు?"

"ఇది ఇంటరాగేషనా?" అని అడ్డొచ్చాడు సోమశేఖర్. "అవన్నీ నేను విచారించాను. గౌనిపల్లిలో వాళ్ళకు మామిడి తోట ఉంది. తెల్లవారి టెంపోలో మొక్కలు వేసుకుని పోయి, నాటించి, సాయంత్రానికి వచ్చాడు. దారిలో చూసినవాళ్ళు ఉన్నారు, తోటలో కొత్త మొక్కలు ఉన్నాయి. నేనే పోయి చూసివచ్చాను."

"మంచిది. చిన్నక్కా, కొంచెం నీళ్ళు కాచి ఇస్తావా అమ్మా?"

చిన్నక్క పొయ్యి వెలిగించి, మూలన ఉన్న మట్టికడవ నుంచి నీళ్ళు ముంచింది. ఆ కడవ కొత్తది. అడుగున ఇంకా ఇసక అంటుకుని ఉంది. ప్రేమ దాన్ని ఒకసారి చూసింది.

నీళ్ళు తెర్లాక ఆమె వాటిని కూజా నిండా పోసి మూత పెట్టింది. మిగతా నలుగురూ ఆ కూజాను చూస్తూ నిలబడ్డారు. సోమశేఖర్ వాచీ చూసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ వాచీ చూసుకున్నాడు. కాసేపటికి ప్రేమ ఆ నీళ్ళను ఒక గాజు గ్లాసులోకి వంచి బాగా గిలక్కొట్టి అర్పిత చేతికిచ్చింది.

"నురగ వచ్చిందా?"

"లేదక్కా."

"వాసన?"

అర్పిత ముక్కు దగ్గర పెట్టుకుంది. "వాన పడిన మన్ను వాసన. అంతే."

"అదీ సంగతి. మెరుగు లేని మట్టి ఏది పోస్తే అది తాగతాది. చాలా ఏండ్ల ముందు ఒకామె పనికి కొత్తగా చేరి, తెలియక ఒక కూజాను సబ్బునీళ్ళల్లో ముంచింది. మీ నాయన వారం దినాలు దాన్ని ఉడకబెట్టినాడు. ఎన్నిసార్లు ఉడకబెట్టినా సబ్బే కక్కతా ఉన్నింది. పగలగొట్టి పారేసినాడు. ఆ దినం నుంచి ఈ వంటింట్లో కూజాకు సబ్బు తగలనిచ్చిందే లేదు. జిడ్డు మరీ ఎక్కువైతే పొడి రాగిపిండి అద్ది పెట్టేవాడు. పిండి నూనెను పీల్చుకున్నాక మెత్తటి బ్రష్షుతో దులిపి, వేడినీళ్ళల్లో పిండిన గుడ్డతో తుడిచేవాడు. నా ఇంట్లో ఉన్న కూజాకు ఆయనే నేర్పించినాడు నాకు. మునిశంకరన్నా, నువ్వు కండ్లారా చూసింది ఎవురిని?"

మునిశంకర్ నవ్వబోయాడు. "ఆడోళ్ళ పని నాకేం తెలుస్తాది తల్లీ. సబ్బో, పిండో, సోడానో. కడిగినాడు, అంతే."

"సోడా అయితే ఆరినాక తెల్లగా ఉప్పు పూస్తాది. లేదు. పీచుతో రుద్దితే గీతలు పడతాయి. లేవు. రాగిపిండితో పైన జిడ్డు పోతాది, లోపల ఏండ్ల తరబడి పట్టిన టీ మరక పోదు. ఇది లోపల కూడా పచ్చి ఎరుపుగా ఉండాది." ఆమె కూజాను తిప్పి అడుగు చూపించింది. అడుగున అరచేతంత నల్లటి మచ్చ ఉంది. "దీన్ని కడగలేదు. కాల్చినారు."

"కాల్చారా?" అన్నాడు సోమశేఖర్.

"పిడకల్లో పెట్టి మళ్ళీ కాల్చినారు. జిడ్డు, దుమ్ము, టీ మరక, అన్నీ మంటలో పోయినాయి. పిడక ఆనిన చోట ఈ మచ్చ మిగిలింది. రండి, పెరట్లోకి పోదాం."

సోమశేఖర్ ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఇంతసేపూ ఓర్చుకున్నది ఇక చాలనుకున్నట్టున్నాడు.

"మీరు డిపార్టుమెంటు ఎందుకు వదిలారో నేను కనుక్కున్నాను మేడం. పైవాళ్ళ మాట వినరని పేరు. ఒక అమ్మాయి బాధను అడ్డం పెట్టుకుని ఇక్కడ కూజాల మీద క్లాసు చెప్తున్నారు. కాల్చితే మాత్రం ఏమైంది? ఆయనే కాల్చి పెట్టి పోయి ఉండొచ్చు కదా?"

"అవునండీ. నోరు మూసుకోమంటే మూసుకోలేదు. అందుకే వదిలేసినా. ఇప్పుడూ మూసుకోను. మీరు పక్కకు జరిగితే ఆ కాల్చిన చోటు చూస్తాను, జరక్కపోతే మీ పక్కనుంచి పోయి చూస్తాను."

ఆయన జరిగాడు.

పెరట్లో గోడవార, పాత బొగ్గుల డ్రమ్ము వెనక, బూడిద కుప్ప ఉంది. దాని మీద ఎవరో రాగి గడ్డి కప్పి ఉంచారు. ప్రేమ గడ్డిని పక్కకు లాగింది. పిడకల బూడిద, అందులో పగిలిన కూజా మూత ముక్క ఒకటి. వంగి బూడిదలో చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, సోమశేఖర్ వైపు చూసింది.

"చెయ్యి పెట్టి చూడండి సార్."

ఆయన ఇష్టం లేకుండానే వంగాడు. చొక్కా చెయ్యి మడిచి, వేళ్ళు బూడిదలోకి దించాడు. ముఖం మారింది.

"వెచ్చగా ఉంది."

"పిడకల నిప్పు ఒక రాత్రి నిలుస్తాది. వారం నిలవదు. అదీ కాక మొన్న రాత్రి వాన దంచి కొట్టింది. ఈ బూడిద తడవనే లేదు. ఇది నిన్న కాల్చిన నిప్పు. ఆదివారానిది కాదు. చెన్నరాయప్పన్న కాల్చింది కాదు."

మునిశంకర్ గుమ్మం దగ్గర నిలబడి భార్యను చూస్తున్నాడు. చిన్నక్క నేలను చూస్తోంది.

"నిన్న నేను కోలారులో ఉండాను, పొద్దున్నుంచీ" అన్నాడు అతను గబగబా. "కావాలంటే..."

"తెలుసు. నువ్వు కాల్చలేదు. కూజాలను చూసి నాకన్నా నువ్వే ఎక్కువ అదిరిపడినావు." ప్రేమ చేతికంటిన బూడిద దులుపుకుంది. ఇంకా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. చెప్పకపోతే పన్నెండింటికి ఈ పిల్ల చేత అబద్ధం చెప్పిస్తారు. చెప్తే ఈ పిల్లకు తండ్రి ఉండడు. రెండింట్లో ఏది మేలో ఆలోచించే హక్కు తనకు లేదనుకుంది.

"అర్పితా, ఇట్ల రా. నా పక్కన నిలబడు."

అర్పిత వచ్చింది.

"మన ఇండ్లల్లో మైల తీరే దినం ఏం చేస్తారు? ఇత్తడీ రాగీ చింతపండేసి తోముకుంటారు. మట్టి సామాను మాత్రం ఉంచుకోరు. మట్టి అన్నీ తాగతాది, మైల కూడా తాగతాదని బయట పారేస్తారు. వంటింట్లో కడవ కొత్తది. పాతది పోయింది. కూజాలు పారేస్తే వీధిలో అందరికీ తెలిసిపోతాది, ఈ హోటలుకు పేరు తెచ్చిందే అవి. అందుకని పారేయలేక, అట్లనే ఉంచుకోనూ లేక, ఎవురో వాటిని మళ్ళీ నిప్పులో పెట్టినారు. మా అవ్వ కూడా చెప్పేది, మట్టికి నిప్పొకటే శుద్ధి అని. జిడ్డు వదిలించేదానికి కాదు తల్లీ ఆ మంట."

అర్పిత బూడిద కుప్ప వైపు తిరిగింది.

"నిన్న గురువారం. చావు మైల తీరేది పదకొండో దినం. అక్కడ నుంచి వెనక్కి లెక్కపెట్టు."

ఆ పిల్ల వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. చివరి వేలు దగ్గర ఆగింది అర్పిత.

"సోమవారం" అంది. "మా నాయన కనబడకుండా పోయిన సోమవారం."

"మరి బుధవారం నీకు మెసేజి పెట్టింది ఎవురు?"

వీధిలో ఏదో లారీ హారను కొట్టుకుంటూ పోయింది. అర్పిత కిందికి కూలిపోతుందేమోనని ప్రేమ చెయ్యి చాపింది గానీ, ఆ పిల్ల కూలలేదు. తిన్నగా చిన్నాయన ముందుకు పోయి నిలబడింది.

"పన్నెండింటికి స్టేషన్‌కు రమ్మన్నావు కదా చిన్నాయనా. వస్తాను. నువ్వు చెప్పమన్న మాట మాత్రం చెప్పను."

"పిచ్చి మాటలు మాట్లాడొద్దు పాపా" అన్నాడు మునిశంకర్. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "ఈయమ్మ ఏదో బూడిద చూపించి కత చెప్తే నమ్ముతావా? కూజాలు కాల్చింది మీ చిన్నమ్మ అయి ఉంటాది. దానికి మడీ మైలా పిచ్చి. కురుడుమలె వినాయకునికి మొక్కు ఉండాదని శుద్ధి చేసింటాది. అంతే కదే? చెప్పు."

చిన్నక్క తల ఎత్తలేదు.

"చెప్పవే. నోరు మెదపకుండా సుమ్నే నిలబడినావేం?"

"ఆగండి" అన్నాడు సోమశేఖర్. ఆయన గొంతులో ఇందాకటి దర్జా లేదు. "మీరు ఇందాక కూజాలు మీ అన్న కడిగినాడన్నారు. కండ్లారా చూశానన్నారు. ఇప్పుడు మీ భార్య కాల్చిందంటున్నారు. ఈ రెండింట్లో నేను రిపోర్టులో ఏది రాయాలి?"

"నేను పిలిస్తే వచ్చినోడివి నువ్వు" అన్నాడు మునిశంకర్.

"అందుకే అడుగుతున్నాను."

ప్రేమకు ఆ మనిషి మీద మొదటిసారి కొంచెం గౌరవం కలిగింది. కొంచెమే. ఆమె చిన్నక్క దగ్గరికి పోయింది. అరుగు మీద కూర్చుంటూ, పక్కన కూర్చోమన్నట్టు చోటు చూపించింది. చిన్నక్క కూర్చోలేదు.

"ఇన్ని దినాలు దేవుని దగ్గర దీపం పెట్టినావా చిన్నక్కా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎవురైనా అడిగినారా, దీపం ఎందుకు పెట్టలేదని?"

"ఎవురు అడుగుతారమ్మా?" అంది చిన్నక్క. ఇంతవరకూ ఆమె గొంతు ఎవరూ వినలేదు. చిన్న గొంతు, అయినా వణకలేదు. "దీపం పెట్టకపోతే ఎవురికీ కనబడలేదు. నేను తలకు నీళ్ళు పోసుకుంటే ఎవురికీ కనబడలేదు. బావకు పిండం లేదు, ఒక చెంబెడు నీళ్ళు ఇడిసినోడు లేడు. తోడబుట్టినోడు మూడు పూటలా తింటా ఉన్న్యాడు. ఈ కొంప మైల నేను గూడా కడగకపోతే ఎట్లమ్మా?"

"నోరు ముయ్యి" అన్నాడు మునిశంకర్.

"మూసుకున్న్యాను కదా ఇన్ని దినాలు" అంది ఆమె, అతని వైపు చూడకుండానే. "ఈ జాగా లాడ్జి కట్టేవాళ్ళకు ఇద్దామన్న్యాడు ఈయన. నేను బతికుండగా ఇయ్యను అన్న్యాడు బావ. తెల్లారి టీ కాస్తా ఉన్న్యాడు. ఈయన అటక మీద కూజా ఎత్తుకున్న్యాడు. నేను ఆ గుమ్మంలోనే ఉండాను, పాలు తీసుకుని. పాలు ఒలికిపొయినాయి. పాలు తుడవమన్న్యాడు నన్ను. బావను చూడనియ్యలేదు, పాలు తుడవమన్న్యాడు."

అర్పిత గోడను పట్టుకుంది. ఆమె నోటి నుంచి వచ్చింది ఏడుపో, ఊపిరో తెలియలేదు. ప్రేమకు కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ మనిషి గొంతు పట్టుకోవాలనిపించింది. కానీ పని మిగిలి ఉంది.

"ఇప్పుడు యాడ ఉండాడు చిన్నక్కా, మీ బావ?"

"గౌనిపల్లి తోటలో. బాయి పక్కన నాటిన మామిడి మొక్క కింద. మిగతా మొక్కల కన్నా దాని గుంత లోతు."

సోమశేఖర్ మొహం పాలిపోయింది. ఆ మొక్కలను ఆయన స్వయంగా చూసి, బాగా పెరుగుతాయని మెచ్చుకుని మరీ వచ్చాడు.

"దీనికి మతి చెడింది" అన్నాడు మునిశంకర్, అందరినీ మార్చి మార్చి చూస్తూ. "పెండ్లాం మాట సాక్ష్యమా? ఏముండాది దీని చేతిలో? బూడిద. ఏడు కూజాలు. ఎవురు నమ్ముతారు?"

"ఎనిమిదోది ఉండాది కదా" అంది ప్రేమ.

"అది లేదు" అన్నాడు అతను. నోరు జారిందని వెంటనే తెలుసుకున్నాడు. "అదే, అన్న తీసుకపొయినాడు కదా. అది లేదు."

చిన్నక్క లోపలికి నడిచింది. మునిశంకర్ వెంటపడబోతే ప్రేమ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆ చేతిని తోసేసేవాడే. కానీ సోమశేఖర్ పోయి వీధిలోకి తెరుచుకునే పెరటి తలుపు మూసి, గడియపెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఫోను తీసి స్టేషన్ నంబరు కలిపాడు.

లోపల రాగుల తొట్టి మూత తీసిన చప్పుడయింది. రాగులు జారుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. చిన్నక్క బయటికి వచ్చినప్పుడు ఆమె మోచేతుల దాకా రాగి దుమ్ము. రెండు చేతుల మధ్య పాత తువాలు మూట. గుమ్మంలోనే నిలబడి ముడి విప్పింది.

చెన్నరాయప్ప కూజా అది. కొమ్ము సగానికి విరిగి ఉంది. విరిగిన చోటి నుంచి పొట్ట దాకా మట్టి ఒక గోధుమరంగు మరకను తాగి ఉంది. మిగతా పొట్టంతా పాత నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము.

"దాన్ని పొడి చేసి బాయిలో వేసినానని చెప్పినావు కదే" అన్నాడు మునిశంకర్.

"చెప్పినాను."

"ఇట్ల ఇవ్వు."

"ఇయ్యను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె ఎన్నడూ అని ఉండదు. అన్నాక ఆమే కాసేపు నిలబడిపోయింది, ఆ మాట ఎవరన్నారో వెతుకుతున్నట్టు. తర్వాత ఇంకోసారి అంది, ఈసారి గట్టిగా.

"ఇయ్యను. నువ్వు మొదటి దినమే చెప్పినావు, బాగా తోమి, పొడి చేసి బాయిలో వెయ్యి అని. నేను ఏండ్ల తరబడి నువ్వు తిన్న పళ్ళెం తోమినాను. ఇది తోమను అనుకున్న్యాను. మిగిలినవన్నీ నిప్పులో పెట్టినాను, ఇది పెట్టలేదు. నెత్తురు తాగిన మన్ను నిప్పుకు గూడా శుద్ధి కాదు."

అతను ముందుకు వచ్చాడు. ప్రేమ కదల్లేదు. అతని రొమ్ము ఆమె అరచేతికి తగిలి ఆగిపోయింది. తలుపు దగ్గర సోమశేఖర్ ఫోనులో అడ్రసు చెప్తున్నాడు, ఒక్కొక్క మాటా విడమర్చి.

అర్పిత చిన్నమ్మ దగ్గరికి పోయి రెండు చేతులూ చాపింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, వాటిని తుడుచుకునే ధ్యాస కూడా ఆ పిల్లకు లేదు. చిన్నక్క ఆ కూజాను తువాలుతో సహా, పసిబిడ్డను అందించినంత జాగ్రత్తగా ఆ చేతుల్లో పెట్టింది.

"మీ నాయన కూజా పాపా. స్టేషన్‌కు తీసుకుని పో. కింద అడుగు పట్టుకో, పైన జిడ్డు మీద చెయ్యి పెట్టొద్దు" అంది. "మీ చిన్నాయన వేళ్ళు అయిదూ ఆ జిడ్డులో ఉండాయి. నేను దుమ్ము గూడా తుడవలేదు."